నేను నునుపు చేసిన ముఖం

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ కూర్చుంటే మా కోడలు ఫోను పట్టుకొచ్చి నా కళ్ళ ముందు పెట్టి, ఈ అమ్మవారు ఎవరో గుర్తుపట్టండి చూద్దాం అంది. చూశాను. పసుపు పూసిన ముఖం, ఆ పసుపు నిండా కుంకుమ బొట్లు, వెండి కళ్ళు, చెవులకు బుట్టలు, మెడలో నిమ్మకాయల దండ, వెనకాల గిరగిరా తిరిగే రంగు బల్బుల చక్రం. మన వైపు అమ్మవార్లకేమన్నా కొదవా, ఏ ఊరి తల్లో నాకేం తెలుసు అంటూ కప్పు కింద పెట్టబోయి ఆగిపోయాను. ఎడమ భుజం మీద కట్టిన పట్టుచీరలోంచి పాలరాతి పమిట కాస్త బయటకి కనబడుతోంది. ఆ పమిట మూడో మడత మీద అడ్డంగా సన్నటి నీలపు జీర. అది రాయితో పాటే పుట్టిన జీర. అది కనబడకుండా చెయ్యాలని పందొమ్మిదేళ్ళ వయసులో నాలుగు రోజులు చేతులు పగిలేలా రుద్దాను, పోలేదు. ఆవిడ అమ్మవారు కాదండీ, ఎండుచేపలు అమ్ముకుని బతికిన మనిషి!

సంగతేమిటంటే, నాగాయలంక దగ్గర ఆవిడ మనవడొకడు, రొయ్యల చెరువులున్న ఆసామి, ఎక్కడెక్కడో వాకబు చేసి మా అబ్బాయి నంబరు పట్టుకున్నాడట. వచ్చే శుక్రవారం వాళ్ళ అమ్మవారికి కొలుపులు, ఆ రోజున అమ్మవారిని చెక్కిన శిల్పిగారికి, అంటే మా ఆయనకి, శాలువా కప్పి సన్మానం చేస్తారట, కారు పంపుతాం తప్పకుండా రండి అని కబురు. మా ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు తిరగేస్తున్నారు. ఎనభై దాటాయి. రెండేళ్ళ నుంచి ఆయన జ్ఞాపకం ఒక దారిన నడవడం మానేసింది. ఒకరోజు కోడూరు సంతలో చిన్నప్పుడు తిన్న జీళ్ళ రుచి కూడా చెబుతారు, మర్నాడు మా కోడల్ని పట్టుకుని ఎవరమ్మాయివమ్మా అంటారు. ఫోను తీసుకెళ్ళి చూపిస్తే చాలాసేపు చూసి, పమిట బాగా కుదిరింది అన్నారు. ముఖం గురించి ఏమీ అనలేదు. ఆ ముఖం గురించి ఆయన ఒక్క మాటంటారేమోనని యాభై ఏళ్ళకు పైగా ఎదురు చూస్తున్నాను నేను. ఆ సంగతి ఆయనకి తెలుసో తెలీదో, అదీ నాకు తెలీదు. మొదటి నుంచీ మీకు చెప్పుకుంటే గానీ నా బుర్ర తేటపడేలా లేదు, కాస్త ఓపిక పట్టండి.

మా పుట్టిల్లు గుడివాడ. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. ఇంట్లో గాజుగ్లాసు పగిలితే వీధి చివరిదాకా వినబడేలా తిట్టి, ఆ నోటితోనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినే మనిషి. తిట్టు తినడం, ఏడవడం, అన్నం తినడం, అక్కడితో ఆ తప్పు తెల్లారిపోవడం, మా ఇంటి పద్ధతి అది. అలాంటి ఇంట్లోంచి మాట ఆచితూచి వాడే మనిషి ఇంటికి కోడలిగా వచ్చాను. మా మావగారు కోడూరులో రోళ్ళూ సన్నికళ్ళూ కొట్టి సంతలో అమ్మేవారు. మా ఆయనకి నల్లరాయితో తృప్తి లేక, ఇంట్లో చెప్పకుండా జైపూరు వెళ్ళి, అక్కడి పాలరాతి పనివాళ్ళ దగ్గర మూడేళ్ళు ఉండి, పని నేర్చుకుని వచ్చి బందరులో రైలు స్టేషనుకు ఇవతల ఒక పెంకుటిల్లు, దాని వెనక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నారు. ఆ రోజుల్లో మన డెల్టా మొత్తం మీద పాలరాతిలో మనిషి ముఖం దించగలిగిన వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరని నేను గొప్పకి చెప్పడం లేదు, మీలో పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో నాకు అన్నీ వింతే. అన్నం మీద తెల్లటి పొడి, ఆరేసిన చీర మీద తెల్లటి పొడి, పొద్దున్నే లేచి అద్దంలో చూసుకుంటే కనుబొమ్మల మీద కూడా అదే. రాళ్ళు గడ్డిలో చుట్టి లారీలో వచ్చేవి. ముందు బంకమట్టితో బొమ్మ, దాని మీద ప్లాస్టరు పోత, ఆ పోత మీద కొలతలు తీసి రాతి మీద చుక్కలు పెట్టడం, తర్వాత ఉలి. ఉలి పని అయ్యాక మెరుగు పని, అది నాకు అప్పజెప్పారు. తొలుత గరుకు రాయి, తర్వాత ఉప్పుకాగితాలు ఒకదాని కంటే ఒకటి సన్నవి, చివర తడిగుడ్డ మీద తెల్లపొడి అద్ది అరచేత్తో రుద్దడం, అడుగడుగునా నీళ్ళు. నెల తిరిగేసరికి నా చేతులు నావి కాకుండా పోయాయి, అయినా ఆ పని నాకు ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. మా ఆవిడ చెయ్యి పడితే రాయికి చర్మం వస్తుందండీ అని ఆయన ఒకసారి ఎవరో బేరగాళ్ళతో అనగా తలుపు చాటు నుంచి విన్నాను. నన్ను ఎదురుగా మెచ్చుకున్నది లేదు గానీ ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాది బతికాను.

అలా ఉండగా నాగాయలంక వైపు నుంచి అన్నదమ్ములిద్దరు వచ్చారు. సొంత పడవలు, ఐసు వ్యాపారం, ఊళ్ళో పలుకుబడి. వాళ్ళమ్మ ఆ ముందటేడు పోయింది, ఆవిడకి నడుము దాకా విగ్రహం చేయించి పడవల రేవు పక్కన పెట్టాలని ముచ్చట. అవనిగడ్డ స్టూడియోలో తీయించిన ఫొటో ఒకటి తెచ్చారు. మా ఆయన ఆ ఫొటో చూడగానే, ఈవిడ మీ అమ్మ కాదు అన్నారు. వాళ్ళు తెల్లబోయారు. మనకి తెలుసు కదండీ, ఆ రోజుల్లో స్టూడియో వాళ్ళు పెన్సిలు పెట్టి ఎంత పని చేసేవారో. నల్లటి వాళ్ళు చామనఛాయ అయ్యేవారు, మచ్చలున్న వాళ్ళు నున్నగా అయ్యేవారు, మా పెళ్ళి ఫొటోలో నా మెల్లకన్ను కూడా సర్దేశారు మహానుభావులు. ఆ పెద్దావిడ చెంపల నిండా మచ్చలని మా ఆయనకి బాగా తెలుసు. ఎలాగంటే, కోడూరు సంతలో మా మావగారి రోళ్ళ పక్కనే ఆవిడ చేపల గంప దించేది. తల్లి లేని పిల్లాణ్ణి కొడుకా కొడుకా అని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుని అటుకులు పెట్టేదట. ఆయన చిన్నతనంలో ఎక్కువగా చూసిన ఆడదాని ముఖం అదే.

ఆ మచ్చల సంగతి ఇంకొకటి చెప్పాలి. పుస్తకాల్లో మశూచి అని రాస్తారు, మనం అమ్మవారు పోసింది అంటాం. ఆవిడకి చిన్నప్పుడు అమ్మవారు పోసి, చచ్చిపోయిందనుకుని చాపలో చుట్టబోతుంటే మూలిగి లేచిందట. వాళ్ళ వాళ్ళలో అలా బతికి బయటపడ్డ మనిషంటే అమ్మవారు స్వయంగా ముట్టుకుని వదిలిపెట్టిన మనిషని లెక్క. కొత్త పడవ నీళ్ళలోకి దింపేటప్పుడు ఆవిడ చేతే కొబ్బరికాయ కొట్టించేవారట. అందుకని మా ఆయన, ఫొటో పక్కన పెట్టి, మచ్చలన్నీ మనసులోంచి తీసి పెడతానన్నారు. అన్నదమ్ములు సరేనని తలూపారు గానీ, వాళ్ళకి ఎంతవరకు అర్థమైందో నాకు ఈనాటికీ అనుమానమే.

ఆ మచ్చలకే పదకొండు రోజులు పట్టింది. సూదిలా సానపెట్టిన ఉలితో, ఊపిరి కూడా బిగబట్టి, ఒక్కో మచ్చకి రెండు మూడు దెబ్బలు, అంతే. తక్కువైతే కనబడదు, ఎక్కువైతే చెంప పెచ్చు లేచి ఆరు నెలల పనీ బూడిదలో పోసినట్టవుతుంది. ఎడమ చెంప మీద మూడు దగ్గర దగ్గరగా, ముక్కు పక్కన ఒకటి కాస్త లోతుగా, ఎలా గుర్తున్నాయో ఆ మనిషికి. అయిపోయిన రోజు నన్ను పిలిచి, కళ్ళు మూసుకోమని, నా చెయ్యి పట్టుకుని ఆ చెంప మీద పెట్టారు. ఎలా ఉంది అన్నారు. గరుకుగా ఉంది అన్నాను, నా మొహం, అంతకంటే ఏం తోచలేదు. ఆయన నవ్వారు. పెళ్ళయ్యాక ఆయన అంత నవ్వగా చూడ్డం అదే మొదలు.

రెండు రోజుల తర్వాత ఆయన గుడివాడ బయల్దేరారు. అక్కడ ఒక మిల్లు యజమాని తండ్రి విగ్రహం దిమ్మె మీద నిలబెట్టాలి, నాలుగు రోజుల పని. పొద్దున్నే కాఫీ తాగి, సామాను గోనెసంచిలో కట్టుకుంటూ నాకేవో జాగ్రత్తలు చెప్పారు. షెడ్డు గొళ్ళెం వదులుగా ఉంది చూసుకో అన్నారు, పమిటకీ జుట్టుకీ మెరుగు పెట్టమన్నారు. ముఖం గురించి ఏమన్నా అన్నారా, అనలేదా? ఇక్కడే నాకు తలా తోకా తెలీకుండా పోతోంది, మళ్ళీ వస్తాను ఈ మాటకి. వానలు పట్టి, దిమ్మె ఆరక, నాలుగు రోజుల పని తొమ్మిది రోజులైంది.

ఐదో రోజున అన్నదమ్ముల్లో పెద్దాయన చెప్పా పెట్టకుండా బస్సు దిగి వచ్చాడు. మంచినీళ్ళిచ్చి, ఆయన ఊళ్ళో లేరండీ అన్నా వినకుండా షెడ్డులోకి వెళ్ళి గుడ్డ తీసి చూశాడు. చూస్తూ చూస్తూ మొహం కందగడ్డ చేసుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? సెల్లెలు పెళ్ళప్పుడు కూడా నలుగుర్లోకి రానియ్యలేదు మా అమ్మని ఆ మచ్చల గురించి. ఇప్పుడు రాయిలో కూడా పెట్టి ఊరందరికీ సూపిత్తారా? ఆడకూతురివి, నువ్వైనా అర్థం చేసుకోమ్మా."

అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పెద్దాయన వెళ్ళిపోయాక చాలాసేపు ఆ విగ్రహం ముందే కూర్చున్నాను. మర్నాడు పొద్దున్న స్నానం చేసి, పొయ్యి కూడా వెలిగించకుండా, ఉప్పుకాగితం చేతిలోకి తీసుకున్నాను.

ఎందుకు తీసుకున్నానంటే ఏం చెప్పను? ఆ పెద్దాయన కన్నీళ్ళు చూసి జాలిపడ్డాననే చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. పిల్లలు పుట్టాక ఒకసారి ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తే, అది కాదు, పెద్ద బేరం పోతుందేమోనన్న భయం అనిపించింది. ఈ మధ్య నిజం ఒప్పుకుంటున్నాను, నాకా మచ్చలు నచ్చలేదండీ. పమిట పాలమీగడలా మెరుస్తుంటే పైన ఆ ముఖం గరుకుగా, మాసినట్టుగా కనిపించి, నా చేతి పనికి నామోషీ అనిపించింది. రాయికి చర్మం తెస్తానని పేరు కదా నాకు, తెచ్చి చూపిద్దామనుకున్నాను. ఈ మూడింట్లో ఏది నిజమో, మూడూ నిజమేనో. సాయంత్రానికి మచ్చలు చాలా మటుకు పోయాయి, ముక్కు పక్కనున్న లోతుది పోవడానికి మాత్రం ఇంకో రోజున్నర పట్టింది. రుద్దిన కొద్దీ చెంపలు పలచబడి, వయసు తగ్గి, ఎవరో సినిమా మనిషిలా తయారైంది. అప్పుడు నా కళ్ళకి ఎంత బాగుందో! పువ్వులు పెట్టుకుని, ఆయన ఎప్పుడొస్తారా, ఏమంటారా అని గుమ్మంలో నిలబడ్డాను చూశారూ, ఆ నిలబడ్డం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నా మీద నాకే.

ఆయన వచ్చారు. సంచి దించి, తిన్నగా షెడ్డులోకి వెళ్ళారు, నేను వెనకే. గుడ్డ తీశారు. అరచెయ్యి ఎత్తి ఆ చెంప మీద పై నుంచి కిందికి ఒకసారి రాశారు, మళ్ళీ రెండో చెంప మీద రాశారు. చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నారు. అన్నం పెట్టు అన్నారు. అంతే! అంతకు మించి ఒక్క అక్షరం లేదు. అన్నం వడ్డిస్తూ ఇప్పుడు తిడతారు, చెయ్యి కడుక్కుని తిడతారు, పొద్దున్న లేచి తిడతారు అని చూశాను. పెద్దాయన వచ్చాడని చెప్పబోతే, తెలుసు, దారిలో కలిశాడు అన్నారు. మా నాన్నలాగా ఒక్కసారి వీధి అదిరిపోయేలా అరిచి ఉంటే ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చేసి, ఆ రోజుతో బతికిపోయేదాన్ని కదా.

విగ్రహం నిలబెట్టే రోజు నన్ను కూడా తీసుకెళ్ళారు. అన్నదమ్ములు మురిసిపోయారు, మా అమ్మ దేవతలా ఉందన్నారు, మా ఆయన చేతులు కళ్ళకద్దుకున్నారు. ఆయన తల వంచుకుని నిలబడ్డారు. అప్పుడు వచ్చిందండీ ఆ ఇంటి ఆడపడుచు, తల్లితో పాటు ఊరూరా గంప మోసిన మనిషి, ఆ వేళ కూడా సంత నుంచే వస్తూ, చేపల గంప దించి జనాన్ని తోసుకుని ముందుకొచ్చి చూసింది.

"ఎవరీవిడ?" అంది. "మా అమ్మని అమ్మోరు ముట్టుకుందిరా. ఆ ముట్టుకున్న సోటు సెరిపేత్తారా మీరు?"

కయ్యిమని లేచిన ఆ గొంతు రేవంతా వినబడింది. పూజపళ్ళెంలో పసుపు తీసి ముఖానికి రాసి, కుంకుమ వేలితో ముంచి చెంపల మీద ఒక్కో చుక్కా పెట్టడం మొదలుపెట్టింది. ఎడమ చెంప మీద మూడు దగ్గర దగ్గరగా. ముక్కు పక్కన ఒకటి. నేను భూమిలోకి కుంగిపోయాను. మా ఆయన వెళ్ళి ఆవిడని పక్కకి తీసుకెళ్ళి, ఆరేసిన వలల దగ్గర నిలబడి చాలాసేపు ఏదో చెప్పారు. వాళ్ళ మాటలు నాకు వినబడలేదు. మధ్యలో ఆవిడ తల తిప్పి నా వంక ఒకసారి చూసింది. అయిపోయింది, నా సంగతి చెప్పేశారు, నా భార్య తెలివితక్కువ పని చేసిందమ్మా అని చెప్పేశారు అనుకున్నాను. చెప్పడం న్యాయమే. కానీ నన్ను తిట్టని మనిషి పరాయివాళ్ళకి చెప్పాడే అని లోపల కోసినట్టయింది. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడు బందరు వచ్చినా మా ఇంట్లో ఎండురొయ్యల పొట్లం ఇచ్చి వెళ్ళేది, నా బుగ్గ గిల్లి ఒళ్ళు ఎలా ఉందమ్మా అనేది. ఆ పొట్లం చూసినప్పుడల్లా నాకు దెప్పినట్టే ఉండేది. ఆవిడ పోయి కూడా పదేళ్ళయింది.

ఆ విగ్రహం తర్వాత మా ఆయన మనిషి ముఖం చెక్కలేదు. ఎవరు వచ్చి అడిగినా చెయ్యి ఖాళీ లేదనేవారు. బందరులో క్రైస్తవుల కుటుంబాలు సమాధుల మీదికి పలకలు చేయించుకునేవారు, వాటి మీద అక్షరాలు, తెరిచిన బైబిలు, కలువపువ్వు. మన వాళ్ళకి తులసికోటలు, నందులు, పూజగది గడపలు. వాటితోనే పిల్లల్ని చదివించాం, ఏ లోటూ లేదు. కానీ షెడ్డులో నందికి మెరుగు పెడుతూ ఉన్నప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన, ఈయన చేతి నుంచి ఈ ముఖాలన్నీ లాగేసుకున్నది నేనే అని. ఎందుకు మానేశారని అడిగే ధైర్యం ఒక్కసారి కూడా రాలేదు. కాపురం మాత్రం హాయిగానే సాగింది, ఆ ఒక్క గది తలుపు మూసి ఉంచి మిగతా ఇల్లంతా తిరిగినట్టు.

అక్కడ నాగాయలంక వైపు ఏం జరిగిందో మాకు తెలియనే లేదు. ఆ ఆడపడుచు ప్రతి ఏడూ వెళ్ళి పసుపు రాసి చుక్కలు పెట్టడం, ఆవిడని చూసి పక్కింటి వాళ్ళు, వాళ్ళని చూసి వేటకి వెళ్ళేవాళ్ళు చుక్కలు పెట్టి దణ్ణం పెట్టుకోవడం, పిల్లలకి ఒళ్ళు కాలితే తల్లులు వచ్చి మొక్కుకోవడం, ఒక గాలివానలో రేవు మొత్తం కొట్టుకుపోయినా విగ్రహం కదలకుండా నిలబడటం, అలా అలా ఆవిడ అమ్మవారైపోయింది. నేను మచ్చలు ఉంచి ఉంటే ఎవరూ చుక్కలు పెట్టే అవసరమే రాదు, చుక్కలు పెట్టకపోతే ఆవిడ ఎండుచేపల ముసలమ్మగానే ఉండిపోయేది. మరి నేను చేసింది చెడా, మంచా? దేవతని చేశానా, మనిషిని చెరిపేశానా? నన్నడిగితే నాకేం తెలుసు!

శుక్రవారం కారు వచ్చింది. పులిగడ్డ వంతెన దాటి దివిసీమలోకి దిగాక నాకు దారే తెలీలేదు. నేను కొత్తకోడలిగా బస్సు కిటికీలోంచి చూసిన వరిచేలన్నీ ఇప్పుడు చెరువులు, చెరువుల్లో తెల్లటి చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఆ మనవడు చాలా మర్యాదస్తుడు, తాతయ్యగారూ అంటూ చెయ్యి పట్టుకుని నడిపించాడు. గుడి ముందు పెట్టడానికి ఇంకో విగ్రహం ఆర్డరిచ్చాడట, ఫోనులో బొమ్మ పంపితే రాజస్థాన్‌లో మెషీనే చెక్కి, మెషీనే మెరుగు పెట్టి లారీ ఎక్కిస్తుందట, ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాదట. తేడా రాదు సరే బాబూ, వస్తే ఎవరిని అడుగుతావు అనబోయి ఊరుకున్నాను.

మైకు పెట్టారు. శాలువా కప్పారు. ఆ వేళ మా ఆయన చాలా తేటగా ఉన్నారు, అందరి దండాలకీ బదులు దణ్ణం పెడుతున్నారు. ఆ కుర్రాడు మైకు పట్టుకుని, తాతయ్యగారూ, మా నాయనమ్మకి మచ్చలుండేవని మా మేనత్త చెప్పేది, మరి మీరు అమ్మవారిలా నున్నగా ఎలా చెక్కారండీ అని అడిగాడు. అంత జనం మధ్య, ఇప్పుడు, ఇన్నేళ్ళకి! చెప్పండి, చెప్పేయండి అని మనసులో ఆయన్ని బతిమాలుకున్నాను కూడా.

"నేనే చెయ్యమన్నానండీ" అన్నారు ఆయన స్పష్టంగా. "మా ఆవిడకి నునుపు చెయ్యమని చెప్పి గుడివాడ వెళ్ళాను."

జనం చప్పట్లు కొట్టారు. అమ్మవారే ఆయన నోట చెప్పించిందని ఎవరో అరిచారు. చెప్పారా? నిజంగా చెప్పి వెళ్ళారా? ఆ పొద్దుటి కాఫీ, గోనెసంచి, వదులు గొళ్ళెం, పమిట, జుట్టు, అన్నీ మళ్ళీ మళ్ళీ తిరగేసుకున్నాను. ఆయన ముఖం సంగతి చెప్పి, నేనే మరిచిపోయి, లేని తప్పు మోసుకు తిరిగానా ఇన్నాళ్ళూ? లేకపోతే మతి తప్పింది ఆయనకేనా? ఇద్దరిలో ఎవరి జ్ఞాపకం చెడిపోయిందో తేల్చి చెప్పడానికి మూడో మనిషి ఎవరు మిగిలారు గనక! పులిహోర పెట్టారు, సయించలేదు.

తిరుగు ప్రయాణంలో అవనిగడ్డ దాటాక ఇక ఉండబట్టలేకపోయాను. ఆయన కిటికీలోంచి బయటకి చూస్తున్నారు. డ్రైవరు వింటాడన్న వెరపు కూడా వదిలేసి, నిజం చెప్పండి, ఆ ముఖం నునుపు చెయ్యమని మీరు చెప్పారా, నేనే చేశానా అని అడిగాను. ఆయన నా వైపు తిరిగి చూశారు. ఆ చూపు నాకు కొత్తగా ఉంది. బేరగాళ్ళతో మాట్లాడేటప్పటి మర్యాద ఉంది అందులో.

"నేనే చెప్పానక్కా" అన్నారు.

అక్కా! ఎవరు అక్క? ఎవర్ని చూసి అంటున్నారీయన? ఆయన డ్రైవరు వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి, నా మోచేతి మీద చెయ్యి వేశారు.

"పైకి అలాగే అందాం. మీ అన్నయ్యలతో కూడా అలాగే చెప్పు, తప్పు నాదేనని. అది చిన్నపిల్ల అక్కా, కొత్తగా కాపరానికొచ్చింది. నేను మెచ్చుకుంటానని చేసింది పాపం, పువ్వులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. తిట్టడానికి నాకు నోరు రాలేదు. నువ్వు కూడా దాన్నేమీ అనకు."

ఆ రోజు వలల దగ్గర నిలబడి ఆయన చెప్పింది ఇదన్నమాట. ఆ ఆడపడుచు నన్నెందుకంత మంచిగా చూసిందో, ఎందుకు బుగ్గ గిల్లిందో ఇప్పుడు తెలిసింది, తెలిసి ఏం చేసుకోను? మరి ముఖాలు చెక్కడం ఎందుకు మానేశారు అని ఆవిడగానే అడిగాను, ఇంకెలా అడగను. ఆయన ఆశ్చర్యపోయారు. మానేయడమేంటక్కా, ఈ గుడివాడ పని తెమలగానే మీ అమ్మది ఇంకొకటి మొదలుపెడతాను, రాయి చూసి ఉంచాను అన్నారు.

ఒకప్పుడు మా పుట్టింట్లో తప్పు చేసినవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఒకే కంచం దగ్గర కూర్చునేవారు. ఈయనతో నాకు ఆ భాగ్యం లేదనుకుని, ఏనాటికైనా ఒక్క తిట్టు రాలకపోతుందా అని ఇంతకాలం కాచుకుని కూర్చున్నాను. ఇప్పుడు తిట్టమని అడగడానికి కూడా వీల్లేదు. పక్క సీట్లో ఉన్న నేనెవరో ఆయనకి తెలీదు, ఎప్పుడో పోయిన ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల మాత్రం కళ్ళకి కట్టినట్టు తెలుసు, దాని మీద ఈగ వాలనివ్వడం లేదు. నేను ఏమీ అనకపోయేసరికి ఆయనకి దిగులు పట్టుకుంది, మోచెయ్యి వదల్లేదు.

"ఏమీ అనవు కదా అక్కా?"

"అననులే తమ్ముడూ" అని మాటిచ్చాను.